తుమ్మిపూల మీద యూరియా

"ఓ భాయ్! మిషన్ బంద్ చెయ్యి! చెవులు వినబడ్తలేవా?"

నిజంగానే వినబడటం లేదు. భుజానికి గడ్డి కోసే మిషన్ తగిలించుకున్న ఆ మనిషి, అంత మోతలోనూ ఏదో పాట పాడుకుంటున్నాడు. షెకీనా స్కూటీని చర్చి గోడకు ఆనించి, చున్నీ నడుముకు బిగించి, తిన్నగా పోయి అతని ఎదురుగా నిలబడింది. అప్పుడుగాని మిషన్ ఆగలేదు.

"అయ్యో, అడ్డం రాకండీ! కాలికి తగిలితే ప్రమాదం."

"ప్రమాదం నాకు కాదు, నీకు. ఎవర్ని అడిగి కోస్తున్నవ్?"

"ధర్మరాజుగారు చెప్పారండీ. గడ్డి పిచ్చిగా పెరిగింది, కాస్త కోసిపెట్టు బాబూ అన్నారు."

"చుట్టూ తాడు కట్టి ఉండె కదా! కనబడలేదా?"

"కనబడిందండీ. అడ్డంగా ఉందని విప్పి, చిక్కుపడకుండా చుట్టి, అదిగో ఆ మెట్టు మీద పెట్టాను," అన్నాడతను. పైగా మెచ్చుకుంటుందేమోనని ఒక్క క్షణం ఆగాడు కూడా.

షెకీనాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? ఆ తాడు కట్టడానికి ఆమె ఎంత కొట్లాడిందో తిరుమలగిరిలో ఆ చర్చికి వచ్చే ప్రతివాళ్ళకూ తెలుసు. ఈ ఊళ్ళో గుప్పెడు మట్టి కనబడితే చాలు, దాని మీద టైల్స్ పరిచేదాకా కొందరికి నిద్ర పట్టదు. చర్చి సెక్రటరీ ధర్మరాజు అలాంటివాడు. నిరుడు చర్చి ముందున్న ఆవరణంతా టైల్స్ వేయించాడు. వెనకున్న గడ్డినేల మీద కూడా వేసి కార్ పార్కింగ్ చేద్దామన్నాడు. షెకీనా నేరేడ్‌మెట్‌లో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ లెక్చరర్. కమిటీ ముందు నిలబడి, ఆ నేలలో ఎన్ని రకాల పూలున్నాయో, వాటి కోసం ఎన్ని సీతాకోకచిలుకలు, తేనెటీగలు, గడ్డిగింజలు తినే జీనువాయి పిట్టలు వస్తాయో గొంతు పోయేలా చెప్పింది. చివరికి పెద్దలు, చర్చిలో పంటలు అర్పించే కోతకాల పండుగ వరకు గడువిచ్చారు. అప్పటికి ఆ నేల చూడముచ్చటగా ఉంటే సరే, లేదంటే టైల్సే.

"ఇవి తుమ్మిపూలు. అవి విష్ణుక్రాంతం," అంది షెకీనా, కోసిపడేసిన మొక్కల్ని గుప్పిట్లోకి తీసుకుని. "విత్తనం రాలకముందే కోసేస్తే వచ్చే ఏడు ఏం మొలుస్తది? నీ తలకాయా?"

"సారీ అండీ. నాకు తెలీదు. నా పేరు ఆషర్. మాది తెనాలి దగ్గర. ఎరువుల కంపెనీలో సేల్స్ ఆఫీసర్ని, ట్రాన్స్‌ఫర్ మీద..."

"నీ పేరు నేను అడగలే."

"అవునండీ, అడగలేదు," అని ఒప్పుకున్నాడు. "పాడుచేసినదానికి ఏదైనా పని చెప్పండి, చేస్తాను."

ఊరికే అన్నాడనుకుంది. శనివారం పొద్దున చూస్తే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. సరే, రానీ అని షెకీనా అన్నిటికంటే చెత్త పని అప్పజెప్పింది.

"గా తెల్లపూల మొక్క చూసినవా? వయ్యారిభామ. దీన్ని వదిలితే నేలంతా ఆక్రమిస్తది, వేరేదాన్ని బతకనియ్యదు. వేర్లతో సహా పీకాలె."

"ఇంత అందమైన పేరు పెట్టి పీకేయమంటారేంటండీ? అసలు ఒక వయ్యారిభామే నన్ను పిలిచి..."

"గా మాట పూర్తి చేసినవంటే ముందు నిన్ను పీకుత."

అతను నోరు మూసుకున్నాడు గానీ నవ్వు మూసుకోలేదు. షెకీనా అటు తిరిగి, తనకు వచ్చిన నవ్వును గడ్డికి చూపించింది.

అలా శనివారాలు గడిచాయి. ఆషర్ ఆమెను 'అండీ' అనడం మానలేదు, ఆమె అతన్ని కసరడం మానలేదు. ఆగస్టు వానకు ఒకరోజు ఇద్దరూ చర్చి వరండాలో ఇరుక్కుపోయారు. మిర్చి బజ్జీల పొట్లం మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"చూడండి, ఆ గడ్డి ఎలా పాలిపోయిందో," అన్నాడు ఆషర్ దిగులుగా. "మా వైపు చేలు ఇలా ఉంటే నిద్రపోమండీ. ఈ నేలకు ఆకలేస్తోంది."

షెకీనా ఆ మాట పట్టించుకోలేదు. ఆమె అతని ముంజేతులు చూస్తోంది. వయ్యారిభామను పీకిపీకి మోచేతుల దాకా దద్దుర్లు తేలాయి. ఇంత జరుగుతుంటే ఒక్కసారి కూడా దురద అనలేదేమిటి ఈ మనిషి అని ఆమెకు కోపం వచ్చింది. మరుసటి వారం మందు ట్యూబు తెచ్చి అతని చేతిలో విసురుగా పెట్టింది.

"రాస్కో. నీ చేతులు చూస్తుంటే నాకు దురద పెడ్తుంది."

ఆ ట్యూబు అందుకున్నప్పుడు ఆషర్ ముఖం చూసి ఉంటే ఎవరికైనా విషయం అర్థమయ్యేది. షెకీనాకూ అర్థమైంది. అందుకే ఆ రోజు త్వరగా ఇంటికి వెళ్ళిపోయింది.

తర్వాత కాలేజీ పిల్లల్ని క్యాంపుకని వికారాబాద్ తీసుకువెళ్ళింది. అటు నుంచి అటే వరంగల్‌లో పిన్ని కూతురి పెళ్ళి. మూడు వారాలకు తిరిగి రాగానే, బ్యాగు ఇంట్లో పడేసి, స్నానం కూడా చెయ్యకుండా చర్చికి పరుగెత్తింది. ఎందుకంత తొందర అంటే పూల కోసమని చెప్పేది. అందులో సగం అబద్ధం.

గేటు దగ్గరే ఆషర్ ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "కళ్ళు మూసుకోండీ. సర్‌ప్రైజ్!"

ఆమె మూసుకోలేదు. చూసింది.

గడ్డి నడుం ఎత్తు పెరిగింది. పచ్చగా, నిగనిగలాడుతూ, వరిచేనులా గాలికి ఊగుతోంది. తుమ్మి లేదు. విష్ణుక్రాంతం లేదు. గునుగు మొక్కలు ఒకటీ అరా మాత్రం గోడ వారన ఎలాగో బతికి ఉన్నాయి.

"ఏం చేసినవ్?" అంది. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"యూరియా అండీ! రైతులకు చూపించే డెమో బస్తాలు రెండు మిగిలితే, వాన పడే ముందు చూసుకుని చల్లాను. మీరొచ్చేసరికి నేల పచ్చగా కళకళలాడాలని..."

"ఆషర్, ఈ పూలకు బలం పనికిరాదు! పేద నేలలోనే బతుకుతయ్. బలం పెడితే గడ్డి తింటది, లావైతది, ఎత్తు పెరుగుతది, పూలను కింద వేసి తొక్కుతది. ఎల్లకాలం దీన్ని ఎవ్వరూ ఏమీ పెట్టకుండ వదిలేసిన్రు కాబట్టే ఇన్ని పూలుండె! నన్నొక్కమాట అడగాలె కదా!"

ఆషర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మా ఇంట్లో అంతేనండీ," అన్నాడు తడబడుతూ. "ఇష్టమైనదానికి పెడతాం. అడగం. మీరంటే... మీకోసమని..."

"నేను అడిగిన్నా? ఈ నేల అడిగిందా? నీ ఇష్టం నీ బస్తాలల్ల పెట్టుకో!"

గోరుచుట్టు మీద రోకటిపోటులా సరిగ్గా అప్పుడే ధర్మరాజు వచ్చాడు. గడ్డిని పైనుంచి కిందికి చూసి తృప్తిగా తలూపాడు. "ఏంది తల్లీ, పూలతోట అంటివి, అడివి చేసినవ్. పాములొస్తయ్. పండుగ కాంగనే టైల్స్ షురూ చేపిస్త."

ఇంటికొచ్చి షెకీనా అన్నం తిననంది. తండ్రి అబ్రహాం రైల్వేలో చేసి రిటైరైనవాడు, తల్లి లేని పిల్లను ఒంటిచేత్తో పెంచినవాడు. కంచం తీసుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు.

"పిల్లగాడు మంచి చెయ్యాలనే చేసిండు కదమ్మా."

"మంచి చెయ్యాలని బయల్దేరినోళ్ళే ఎక్కువ పాడు చేస్తరు డాడీ! ధర్మరాజు అంకుల్ టైల్స్ వేస్తె మంచికే అంటడు. ఈయన యూరియా వేస్తె మంచికే అంటడు. ఆ నేలకు ఏం కావాలెనో దాన్ని అడిగినోడు ఒక్కడు లేడు!"

ఏడ్చింది. కొంత పూల కోసం. కొంత, ఎన్నడూ లేనిది, ఒక మనిషి మీద మనసు పడి, ఆ మనిషి ఇలా చేసినందుకు.

మూడు నాలుగు రోజులు అటువైపు పోలేదు. ఆదివారం ఆరాధనకు తప్పదు కదా, కాస్త ముందే వెళ్ళి వెనకవైపు తొంగిచూసింది. ఆషర్ లుంగీ ఎగ్గట్టి, కొడవలితో గడ్డి కోస్తున్నాడు. మిషన్ లేదు. గోడ వారన మిగిలిన గునుగు చుట్టూ పుల్లలు పాతి, దాన్ని తాకకుండా, చుట్టూ ఉన్నది మాత్రమే కోసి మోపులు కడుతున్నాడు.

"కోసినంత మాత్రాన ఏమైతది?" అంది షెకీనా. ఇంకా కోపంగానే.

"కోసింది ఇక్కడే వదిలేస్తే కుళ్ళి మళ్ళీ బలమే అవుతుందండీ. ఎరువు తిన్నది గడ్డే కదా, ఆ గడ్డిని బయటికి మోసేస్తే కొంతైనా పోతుంది. సీతాఫల్‌మండిలో గేదెలున్నవాళ్ళున్నారు, వాళ్ళకిస్తున్నాను." అతను తలెత్తలేదు. "మళ్ళీ మొలుస్తుంది. మళ్ళీ కోస్తాను. ఇలా చెయ్యొచ్చా అని ముందు మిమ్మల్ని అడగాల్సింది. మీరు ఫోన్ ఎత్తలేదు."

అది సరైన పద్ధతే. సరైనదే కావడం వల్ల ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. తిట్టడానికి ఏమీ దొరక్క, ఒక మోపు ఎత్తి అతని బండి మీద పెట్టింది.

ఆ తర్వాత ఇద్దరూ కలిసే కోశారు, కలిసే మోశారు. కానీ ఆషర్ మునుపటిలా నవ్వించలేదు. పని గురించి తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. గడ్డి పలచబడింది. అక్టోబర్ పోతుండగా గోడ వారన గునుగు తెల్లగా, గులాబీ రంగుగా విరబూసింది. మధ్యలో అక్కడక్కడా తుమ్మి తలెత్తింది. అంతే. చూడముచ్చటగా ఉందని ధర్మరాజు చేత ఒప్పించడానికి అది చాలదు.

కోతకాల పండుగ రోజు చర్చి కిటకిటలాడింది. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, చెరుకుగడలు, అరటి గెలలు. ఆరాధన అయ్యాక ధర్మరాజు మైకు అందుకున్నాడు. "సంఘస్థులకు శుభవార్త. వెనకనున్న ఖాళీ జాగలో రేపటి నుంచి టైల్స్ పని..."

"అది ఖాళీ జాగ కాదు!"

అందరూ వెనక్కి తిరిగారు. షెకీనా లేచి నిలబడింది.

"కోతకాల పండుగ అంటున్నం. ఈ గుమ్మడికాయలు ఎక్కడివి అంకుల్? మోండా మార్కెట్‌ల కొన్నయ్. ఈ గెలలు? కొన్నయే. మన నేల మీద మొలిచింది ఇక్కడ ఒక్కటన్న ఉందా? దేవుడిచ్చిన నేల మీద రాళ్ళు పరుస్తం, మళ్ళ ఆయన ముందుకే వచ్చి పంటకు స్తోత్రం అంటం. సిగ్గుండాలె మనకు!"

గుసగుసలు బయలుదేరాయి. ధర్మరాజు ముఖం కందగడ్డయింది. "నీకు టైమిచ్చినం కదమ్మా. నువ్వు చేసిందేంది? అడివి!"

"అది ఆమె చెయ్యలేదండీ." మగవాళ్ళ వైపు నుంచి ఆషర్ లేచాడు. "ఆమె లేనప్పుడు యూరియా చల్లింది నేను. గడువు పాడుచేసింది నేను. శిక్ష నాకు వెయ్యండి, నేలకు కాదు."

అప్పుడు ముందు వరుసలోంచి, చర్చి ఆడవాళ్ళ సంఘం 'స్త్రీల మైత్రి'కి పెద్ద అయిన రోసమ్మ చేతికర్ర నేలకేసి కొట్టింది.

"ధర్మరాజు, గడ్డిల పాములుంటయంటవ్. నీ పాము నన్ను ఇంకా కరవలే గని, నీ టైల్స్ మొన్న వానకు నన్ను ఎత్తి పడేసినయ్. నా నడుం విరిగింది యాడ? ముంగటి దిక్కు. నీళ్ళు నిలిచింది యాడ? ముంగటి దిక్కే. వెనక దిక్కు చుక్క నిలువలే, నేలే తాగింది. ఇంకో జాగల సుత మమ్మల్ని పడేస్తవా?"

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు బల్ల నుంచి బల్లకు పాకింది. పాస్టరు అయ్యగారు కూడా నవ్వు ఆపుకుంటూ లేచారు. "ఇంకో ఏడాది చూద్దాం. అయితే ఈసారి బాధ్యత ఎవరిది?"

"నాది," అన్నారు షెకీనా, ఆషర్ ఒక్కసారే.

ఇక ఆ నవ్వులు ఆగలేదు. షెకీనా చెవులు ఎర్రబడ్డాయి. విసవిసా నడిచి వెనక నేలలోకి వెళ్ళిపోయింది. ఆషర్ వెంట వచ్చాడు, నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"గెలిచారండీ," అన్నాడు.

"గెలిచిన. సంతోషం. నీకేమన్న చెప్పేది ఉందా, లేదా?" ఆమె గిర్రున తిరిగింది. "ఇన్ని రోజులైంది. మోపులు మోస్తవ్, మూగోని లెక్క ఉంటవ్. ఆ రోజు సగం చెప్పి ఆపినవ్. మిగిలిన సగం ఎవరికిచ్చినవ్? గేదెలకా?"

"భయమండీ. నేను ఏదిచ్చినా ఎక్కువైపోతుంది. మీరు అడిగితే తప్ప..."

"అడుగుతున్న కదా! చెప్పు!"

ఆషర్ గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మీ కోపంతో సహా."

షెకీనా వంగి, కాళ్ళ దగ్గర మొలిచిన వయ్యారిభామ మొక్కనొకదాన్ని వేర్లతో సహా పీకింది.

"లొల్లి అయిందా, ఇంకా ఉందా?" వెనక నుంచి అబ్రహాం గొంతు వినిపించింది. ప్లేట్లో ఇద్దరికీ బిర్యానీ పట్టుకుని నిలబడ్డాడు. "ఆషర్, మీ అమ్మానాన్నల్ని ఒకసారి మా ఇంటికి రమ్మను బాబూ."

"డాడీ! నేనింకా ఏం చెప్పలే! అప్పుడే వాళ్ళనెందుకు పిలుస్తున్నవ్?"

"నువ్వు చెప్పేదేముంది బిడ్డా," అన్నాడు అబ్రహాం ప్లేటు ఆమె చేతిలో పెడుతూ. "ఇష్టం లేనోణ్ణి నువ్వు ఒక్కసారి తిట్టి వదిలేస్తవ్. ఇన్నిసార్లు తిట్టింది ఈయన్నొక్కణ్ణే."