చెరిపిన హాజరు

బయట జీపు ఆగిన చప్పుడు!

సంధ్యారాణి వేళ్లు కీబోర్డు మీద బిగుసుకుపోతాయి.

గోదావరిఖని శివార్లలో బొగ్గు గని పైమట్టి తవ్వే ప్రైవేటు కాంట్రాక్టరు ఆఫీసు. ఇప్పుడిప్పుడే చీకటి పడుతోంది. ఆమె ఇక్కడే కంప్యూటర్ ఆపరేటర్.

పొద్దున్నే సర్వర్‌లో పాత లాగ్ ఫైళ్లన్నీ తుడిచెయ్యమని మేనేజర్ వీరేందర్ ఆర్డర్.

ఆ ఫైళ్లే కావాలి ఆమెకు!

డేటాబేస్‌లో ఏది రాసినా, ఏది మార్చినా ముందు వాటిలోనే పడుతుంది. పైన చెరిపేసినా అడుగున మిగులుతుంది.

తమ్ముడు రుత్విక్ ఈ కాంట్రాక్టరు దగ్గరే పనిలో చేరిన వారానికే మట్టిపెళ్లలు మీదపడి చనిపోయాడు. ఆ షిఫ్టులో వాడు లేనే లేడన్నారు ఆఫీసువాళ్లు. బొగ్గు దొంగతనానికి వచ్చాడన్నారు.

దొంగ... తన తమ్ముడు!

కమాండ్ కొడుతుంది. నల్లటి తెర మీద వరసలు పరుగెడుతున్నాయి.

దబదబా తలుపు!

"బిడ్డా... నేనే, బాపును!"

గడియ తీస్తుంది. తండ్రి రాజం, ఇదే ఆఫీసులో కూలీల హాజరు ఎక్కించే టైంకీపర్. రొప్పుతూ లోపలికొచ్చి మళ్లీ గడియ పెడతాడు.

"వీరేందర్ వచ్చిండు. జల్ది బంద్ చెయ్యి!"

"ఆగు బాపూ... దొరికింది!"

రుత్విక్ టోకెన్ నంబరు. హాజరు.

దాని కిందే ఇంకో వరస. గైరుహాజరు. మార్చిన లాగిన్...

రాజం!

ఆమె తండ్రి వైపు తిరుగుతుంది.

"బాపూ... ఇదేంది?"

"ఫోన్ల పేరు చెప్పలే, టోకెన్ నంబరే చెప్పి హాజరు మార్చుమన్నరు. మార్చిన... ఎవలో పిల్లగాడనుకున్న." రాజం తెర మీది వరసను వేలితో తాకుతాడు. "దవాఖానల మనోని మెడల టోకెన్ చూసినంక తెల్సింది బిడ్డా!"

"ఎవలో పిల్లగాడైతే మార్చొచ్చా?"



తలుపు మీద తన్ను! గడియ వంగుతోంది.

ఆ రెండు వరసలతో ఎస్సైకి మెయిల్ సిద్ధంగా ఉంది. పంపితే తమ్ముడు దొంగ కాదు. పంపితే బాపు జైలుకు పోతాడు.

తమ్ముడు ఎట్లాగూ తిరిగి రాడు...

కన్నీళ్లలో తెర అలుక్కుపోతుంది. ఆమె వేలు డిలీట్ వైపు జరుగుతుంది.

రాజం ఆ చెయ్యి పట్టుకుంటాడు. గట్టిగా!

రెండో చేత్తో తనే ఎంటర్ కొడతాడు.

"బాపూ, వద్దు!"

మెయిల్ వెళ్లిపోయింది.

తలుపు ఊడి పడుతుంది. వీరేందర్... వెనక మనుషులు.

"ఏం పంపిన్రే?"

కూతురికి అడ్డంగా నిలబడతాడు రాజం.

"నా కొడుకు డ్యూటీల ఉండెనని."