నాలుగో గుర్తు

రాత్రంతా చిన్న కూతుర్ని గిల్లి గిల్లి నిద్రపోనివ్వలేదు అమ్మ. మెదడు పరీక్షకు ముందు అలాగే చెయ్యాలన్నారు. నిద్ర కరువైతే మెదడు మూర్ఛను దాచుకోలేదట. తెల్లారేసరికి ఇద్దరి కళ్ళూ చింతనిప్పులయ్యాయి.

పదింటికి ఆస్పత్రి గదిలో ఉన్నారు. కిటికీలకు నల్లటి తెరలు, గదంతా జిగురు వాసన. టెక్నీషియన్ చిన్నదాని తలకు ఇరవై ఒక్క వైర్లు అంటించి, అమ్మ చేతికి ఒక బటన్ ఇచ్చాడు.

"పాప ఒళ్ళు అదిరితే నొక్కండమ్మా. రికార్డులో గుర్తు పడుతుంది."

"కొత్త మందు పనిచేస్తోందంటావా బాబూ?"

"నరాల కణాలకు పొటాషియం బయటికి పోయే తలుపులుంటాయి. అవి తెరుచుకుంటేనే కణం చల్లబడేది. ఈ మందు వాటిని తెరిపించాలి. మూర్ఛ జాడ దొరికిందంటే మాత్రం ఆపేస్తారు."

ఆపేస్తే ఇంకో మందు లేదు. పెద్దదానికి ఇదీ అందలేదు. మూడేళ్ళ కిందట ఒక రాత్రి, దాని పక్కనే ఒళ్ళెరగకుండా నిద్రపోయింది అమ్మ. మెలకువ వచ్చేసరికి రెండుంపావు. పెద్దది అప్పటికే...

"ఇప్పుడు పడుకోవచ్చా? మళ్ళీ గిల్లవుగా?" అంది చిన్నది.

"గిల్లను. పడుకోవే."

టెక్నీషియన్ లైటు ఆర్పి పక్క గదిలోకి వెళ్ళాడు. చిన్నది ఇట్టే నిద్రలోకి జారింది. కాసేపటికి దాని బొటనవేలు అదిరింది.

అమ్మ చూసింది. నొక్కలేదు. బటన్ బల్లమీద పెట్టేసి, చేతులు ఒళ్ళో దాచుకుంది.

టక్.

బల్ల దగ్గర ఎవరూ లేరు. వేలు మళ్ళీ అదిరింది... టక్. ఇంకోసారి... టక్. జిగురు వాసన పోయింది. పెద్దది రాసుకునే పౌడరు వాసన.

"నొక్కకే తల్లీ," గొణిగింది అమ్మ. "చెల్లికి మందు ఆపేస్తారు."

చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, చిన్నది కదలకుండానే...

టక్.

లైటు వెలిగింది. టెక్నీషియన్ నవ్వుతూ వచ్చాడు.

"నాలుగుసార్లు నొక్కారు. మొదటి మూడూ ఉత్త నిద్ర అదుర్లేనమ్మా, మూర్ఛ జాడ లేదు. మందు పనిచేస్తోంది."

అమ్మ బల్లమీది బటన్ వైపు చూసింది. "నాలుగోది?"

"అదే అంతుపట్టలేదు. రేపటి డేటు పడింది. తెల్లవారుజామున రెండూ పదిహేను. గడియారం చెడినట్టుంది, వదిలెయ్యండి. ఈ రాత్రికి ఇద్దరూ కంటినిండా నిద్రపోండి."

చిన్నది ఆవలిస్తూ అమ్మ భుజం మీద వాలింది.

"ఈ రాత్రి గిల్లవుగా, అమ్మా?"

దాని జుట్టులో పౌడరు వాసన.