మళ్లీ మాయమైన డ్రైవు

"మీ లైనక్స్ పుణ్యమా అని నా డిస్క్ డ్రైవు మళ్లీ మాయమైందండీ, కంప్యూటర్ డాక్టర్ గారూ!"

తలుపు తీస్తూనే డాన్స్ టీచర్ విసిరిన మాట అది. కంప్యూటరబ్బాయి గొడుగు మూస్తూ నవ్వాడు. ముందుగదిలో ఆమె నాన్న పేపర్లో తలదూర్చి కూర్చున్నారు. ఆమె పాత లాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని అందులో విండోస్ తీసేసి లైనక్స్ వేసింది అతనే. అప్పట్నుంచీ ఇదే తంతు. పక్కనుంచి ఊడివచ్చే ఆ సీడీ డ్రైవును మెషిన్ నడుస్తుండగా తీసి పెడితే, అతనొచ్చి సరిచేసేదాకా లైనక్స్ దాన్ని గుర్తుపట్టదు. డాన్స్ పిల్లల పాటలేమో అన్నీ డిస్కుల్లోనే ఉన్నాయి.

"నడుస్తుండగా ఊడదీయొద్దని చెప్పానా లేదా?"

"నేను ముట్టుకుంటే ఒట్టు!"

"మరి దానికి కాళ్లొచ్చాయా?"

"ఏమో, మీమీద బెంగపెట్టుకుందేమో!"

అనేసి, తనే ఎర్రబడి, కాఫీ వంకతో వంటింట్లోకి జారుకుంది.

 ఆమె అంటే అతనికి ప్రాణం. చెప్పడానికే ధైర్యం లేదు. పైగా ఈరోజు, డ్రైవు ఎప్పుడు పెట్టినా లైనక్స్ తనంతట తానే గుర్తుపట్టేలా చిన్న ప్రోగ్రాం రాసి తెచ్చాడు. అది వేస్తే మళ్లీ ఈ గుమ్మం తొక్కడానికి సాకుండదు. వేయకపోతే ఆదివారం ప్రదర్శనలో పిల్లలు స్టేజి మీద పాట లేకుండా నిలబడాలి.

నిట్టూర్చి వేసేశాడు. వంటింటి గుమ్మం దాకా వెళ్లి చెప్పాడు.

"అయిపోయిందండీ. ఇక నేను రానక్కర్లేదు."

సంతోషించాల్సిన మనిషి ముఖం చిన్నబోయింది.

కాఫీతో ఇద్దరూ ముందుగదిలోకి వచ్చేసరికి, ఇందాకటిదాకా పేపరు చాటున ఉన్న ఆమె నాన్న లాప్‌టాప్ మీదకు వంగి, డ్రైవు బయటికి లాగి మళ్లీ లోపలికి నొక్కుతున్నారు. తెరమీద డిస్కు బొమ్మ టక్కున ప్రత్యక్షమైంది.

"అరె! కనబడకూడదే!" అని గొణిగి తలెత్తిన ఆయన, తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయారు.

"నాన్నా! ఇన్నాళ్లూ నువ్వేనా?"

"మరేం చేయనమ్మా? ఇతనొస్తే నీ మొహం వెలిగిపోతుంది. నువ్వేమో అడగవు, ఇతనేమో నోరు విప్పడు. ఈ ఇంట్లో డ్రైవొక్కటే నా మాట వినేది. దాన్నీ బాగుచేసి పెట్టాడు!"

అతను కాఫీ కప్పు కింద పెట్టాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకున్నాడు.

"నాకు మీరంటే చాలా ఇష్టమండీ. రిపేరేమీ లేకపోయినా రేపు రావచ్చా?"

"ఆ మాట ఎప్పుడంటారా అని ఎన్నాళ్లనుంచో చూస్తున్నాను," అందామె. కళ్లలో నీళ్లు, పెదాలమీద నవ్వు. "మీరు రాని రోజు నాకేమీ తోచదు."

ఆమె నాన్న గొంతు సవరించుకున్నారు.

"రేపు ఒక్కడివే రాకు, అబ్బాయ్. మీ అమ్మానాన్నల్ని కూడా వెంటబెట్టుకురా."