టికెట్ కొనుక్కుని రమ్మను

"చూడాలంటే టికెట్ కొనుక్కుని రమ్మను," అంది అమ్ములు.

కొబ్బరిబొండం తాగుతున్న ఫణికుమార్‌కు పొలమారింది. "అమ్ములూ, వాళ్లు మా అమ్మానాన్నలు. టూరిస్టులు కాదు."

"అయితే ఏటి? నా బండెక్కినోళ్లందరూ నాకు టూరిస్టులే. చీర కట్టుకుని, తలొంచుకుని, ట్రేలో కాఫీ కప్పులెట్టుకుని నేను రాను. నేనెలాటిదాన్నో తెలవాలంటే నా పని చూడాల. పొద్దున ఎనిమిదికి బండి, సాయంత్రం నాలుగుకి వాపస్. వాటర్‌ఫాల్, బీచ్, భోజనం అంతా అందులోనే."

"డిస్కౌంటైనా ఇస్తావా?"

"సీనియర్ సిటిజన్‌కి ఉంది. అత్తగారికి లేదు."

పెళ్లిచూపులకు ఇలాంటి కబురు పంపిన పిల్ల అండమాన్‌లో ఇంకెవరైనా ఉన్నారేమో తెలియదు. హట్‌బేలో మాత్రం అమ్ములు ఒక్కతే.

ఆమె గొంతు తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు. తండ్రి నూకన్న పోర్ట్‌బ్లెయిర్ దగ్గర ఆస్టినాబాద్‌లో ఉంటూ చేపలవేటకు వెళతాడు. కూతురు గైడు లైసెన్సు తెచ్చుకుని, ఓడెక్కి ఇక్కడికొచ్చి, నారింజరంగు టోపీ ఒకటి, మెడలో విజిల్ ఒకటి వేసుకుని జనాన్ని జలపాతాలకు తిప్పుతోంది. ఆడపిల్ల మాట అడవిలో ఎవడు వింటాడని మొదట్లో అందరూ నవ్వారు. విజిల్ విన్నాక మానేశారు.

ఫణి కూడా ఆ విజిల్‌కు దొరికినవాడే. ఏడాది క్రితం ఇక్కడి గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తల్లో, సెలవు రోజున ఆమె ట్రిప్పులో వచ్చి, నాచుపట్టిన రాయెక్కి ఫోన్ పైకెత్తాడు.

"రాయి దిగు భయ్యా! నీ ఫోటో పేపర్లో పడాలనుందా?"

దిగాడు. మళ్లీ ఆదివారం వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు. నాలుగో ఆదివారానికి ఆమె చెప్పే మాటలన్నీ అతనికి నోటికొచ్చేశాయి. "ఇంక నువ్వే చెప్పు, నేను కూర్చుంటా," అని ఆమె టోపీ తీసి అతని నెత్తిన పెట్టింది. ఆ టోపీ అతను రెండు రోజులు తిరిగివ్వలేదు. మిగిలిన కథ హట్‌బే జెట్టీలో టీ కాసేవాడిని అడిగినా చెబుతాడు.

అంతా బాగానే ఉంది కానీ, అడ్డల్లా ఫణి తల్లి సత్యవాణి. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు టీచరు. అమ్ములుకు ఎనిమిదో తరగతిలో పాఠం చెప్పింది కూడా ఆవిడే. ఈ పిల్ల నోటుపుస్తకం మీద ఎర్రసిరాతో ఒక ముక్క రాసింది: "గొంతు ఎక్కువ, శ్రద్ధ తక్కువ." మరుసటేడే అమ్ములు తెలుగు వదిలేసి హిందీ సెక్షన్‌లోకి మారిపోయింది. తెలుగు మాట్లాడితే ఎదుటివాడికి సందు దొరకదు గానీ, చదవాలంటే ఇప్పటికీ అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి.

అమ్ములుకు ఫణి కావాలి. పనీ కావాలి. రెండింట్లో ఒకటి వదులుకోమంటే ఆమె వల్ల కాదు. అందుకే ఆ మాట అనే అవకాశం ఎవరికీ ఇవ్వకూడదని పంతం పట్టింది.

ఆశ్చర్యమేమిటంటే, వాళ్లు నిజంగానే టికెట్ కొనుక్కుని వచ్చారు.

ఓడ దిగేసరికి ఫణి తండ్రి రాఘవయ్యగారి ముఖం పాలిపోయి ఉంది. రాత్రి తిన్నదంతా దారిపొడుగునా సముద్రుడికి నైవేద్యం పెట్టుకుంటూ వచ్చారాయన. వెనకాల సత్యవాణి గొడుగు, చేతిసంచితో నిటారుగా దిగింది.

అమ్ములు వ్యాన్ తలుపు తీసి చేతులు జోడించింది. "నమస్తే అండీ. రండి, కూర్చోండి. సీటు బెల్టు పెట్టుకోండి."

"వెనక సీటుకి కూడానా?" అన్నారు రాఘవయ్య.

"వెనక సీటుకి కూడా అండీ."

ఆయన కొడుకు చెవిలో గొణిగారు. "ఒరేయ్, ఈ పిల్ల నమస్కారం పెట్టిందా, ఆర్డరేసిందా?"

"రెండూ నాన్నా," అన్నాడు ఫణి.

డ్రైవర్ గణపతి అద్దంలో చూసి నవ్వుకున్నాడు. వ్యాన్‌లో కోల్‌కతా నుంచి వచ్చిన ఒక జంట, ముగ్గురు బెంగళూరు కుర్రాళ్లు ఉన్నారు. హట్‌బేలో చోట్లను పేర్లతోకంటే కిలోమీటర్లతోనే ఎక్కువగా పిలుస్తారు. ఆరో కిలోమీటరు దాటాక పామాయిల్ తోటలోకి తిరిగారు. అమ్ములు హిందీలో మొదలుపెట్టి, ఇంగ్లీషులోకి దూకి, తెలుగులో ముగిస్తూ చెప్పుకుపోతోంది. జలగ పడితే లాగొద్దు, నా దగ్గర ఉప్పుంది. ప్లాస్టిక్ పారేస్తే వాపస్ వచ్చి మీరే ఏరాల. విజిల్ వేస్తే ఎందుకని అడగొద్దు, ముందు రండి, తర్వాత అడగండి.

"క్లాసులో ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పేది కాదు," అంది సత్యవాణి కిటికీలోంచి చూస్తూ.

అడవిదారి బురదగా ఉంది. చివర్లో వాగులో రాళ్లు దాటాలి. అమ్ములు అందరినీ దాటించి, ఆఖర్న టీచర్‌గారికి చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకోవాలా వద్దా అని ఆవిడ ఒక క్షణం ఆలోచించి, పట్టుకుంది.

"నువ్వు ఎయిత్ బి కదూ?"

"అవునండీ. ఆఖరి బెంచీ."

"గొంతు అలాగే ఉంది." నాలుగడుగులు వేశాక ఆవిడ మెత్తగా అంది. "పోనీలే, ఇంకెన్నాళ్లు? పెళ్లయ్యాక ఇది మానేసి డెలానీపూర్‌లో మా ఇంటికి వచ్చేస్తావని ఫణి చెప్పాడు. ఆ మాట మీదే వచ్చాం."

అమ్ములు ఆగింది. చెయ్యి విదిలించుకోవాలన్నంత కోపం వచ్చింది. కానీ టీచర్‌గారి కాలికింద నాచు ఉంది. గైడు చెయ్యి వదలకూడదు. ఒడ్డుకు చేర్చి, గొడుగు చేతికిచ్చి, అప్పుడు వెనక్కి తిరిగింది.

ఫణి ఒడ్డు మీది రేకుల షెడ్డు వెనక దొరికాడు.

"నేను మానేస్తానన్నానా?"

అతని ముఖం చూస్తే చాలు, ఇంక అడగక్కర్లేదు. "లేకపోతే వాళ్లు ఓడెక్కేవాళ్లా, చెప్పు! ముందు వస్తే, నిన్ను చూస్తే, వాళ్లే మనసు మార్చుకుంటారనుకున్నా."

"అంటే, వాళ్లు కొన్నది నా ట్రిప్పు టికెట్ కాదు. నీ అబద్ధానికి టికెట్."

"అమ్ములూ, ఇవాళ ఒక్కరోజు కాస్త మెత్తగా ఉండు. ప్లీజ్."

"ఇవాళ మెత్తగా ఉంటే, రేపు ఆ మెత్తటి పిల్ల ఏదీ అని వెతుకుతారు. ఆ పిల్ల నా దగ్గర లేదు ఫణీ. ఎప్పుడూ లేదు. నీకు తెలీదా?"

అతనికి తెలుసు. అదే నచ్చి వచ్చినవాడు. తలదించుకున్నాడు.

ఈలోపు సన్నగా చినుకులు మొదలయ్యాయి. జలపాతం కింద మడుగులో అందరూ కేరింతలు కొడుతున్నారు. రాఘవయ్యగారు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, నీటిధార కింద తల పెట్టి, ఓడ దిగాక మొదటిసారి నవ్వుతున్నారు. అమ్ములు వాళ్లను చూడలేదు, నీళ్లను చూసింది. ఇందాకటిదాకా కింద గులకరాళ్లు కనిపించాయి. ఇప్పుడు పలచటి టీ రంగు. ధారలో రెండు మూడు ఎండుటాకులు కొట్టుకొచ్చాయి.

విజిల్ మోగింది.

"పైన కొండమీద వాన పడింది! నీళ్లు ముంచుకొస్తాయి! చలో, అందరూ బయటికి! ఇప్పుడే!"

బెంగళూరు కుర్రాళ్లు సణుగుతూ వచ్చారు. కోల్‌కతా జంట పరుగెత్తుకొచ్చారు. రాఘవయ్యగారు చెయ్యి ఊపారు. "ఇప్పుడేగా దిగాను. రెండు నిమిషాలమ్మా!"

ఫణి ఆమెవైపు చూశాడు. ఆయన్ని వదిలెయ్ అని ఆ చూపుకు అర్థం. అమ్ములు ఆ చూపును చూసింది. చూసి, మళ్లీ విజిల్ వేసింది.

"సార్! మీరు రాకపోతే నేను దిగి చెయ్యి పట్టుకుని లాక్కురావాల. ఇక్కడ ఆరు ఫోన్‌లున్నాయి, అన్నిట్లోనూ వీడియో పడతాది."

రాఘవయ్యగారు ఎర్రబడ్డ ముఖంతో బయటికొచ్చారు.

అందరూ షెడ్డు కింద అరగంట నిలబడ్డారు. నీళ్లు కాస్త బురదబారాయి. అంగుళమో రెండంగుళాలో పెరిగాయి. అంతే. ఇంకేమీ రాలేదు.

"ఏదీ? ఏమొచ్చింది?" అన్నారు రాఘవయ్య. "ఇంతదూరం పడీ లేచీ వస్తే పది నిమిషాలు నీళ్లలో ఉండనివ్వలేదు. తప్పయిపోయిందనే అలవాటు లేదామ్మా నీకు?"

"తప్పు చేస్తే అంటానండీ. ఏమీ రాకపోవడమే మంచిది. వచ్చాక విజిలేస్తే వినడానికి మీరుండరు."

సత్యవాణి గొడుగు పిడిని తిప్పుతూ ఉండిపోయింది. అయిపోయింది, అనుకుంది అమ్ములు. అయినా ఇంకోసారి ఇదే జరిగితే ఇంకోసారీ విజిల్ వేస్తానని ఆమెకు తెలుసు. దుఃఖం ఉంది గానీ పశ్చాత్తాపం లేదు.

అప్పుడు ఫణి ముందుకొచ్చాడు.

"అమ్మా, నాన్నా. నేను మీకు అబద్ధం చెప్పాను. అమ్ములు ఉద్యోగం మానదు. మానతానని నాతో ఎప్పుడూ అనలేదు. నేను మానమని అడగను కూడా. ఇందాక వదిలెయ్ అన్నట్టు చూశాను చూడండి, అది కూడా నాదే తప్పు. అమ్ములూ, సారీ."

"ఈ ముక్క పోర్ట్‌బ్లెయిర్‌లోనే చెప్పొచ్చుగా?" అంది సత్యవాణి.

"చెబితే మీరు ఓడెక్కరు."

"ఎక్కనే ఎక్కను!" అన్నారు రాఘవయ్య. "రాత్రి పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు!"

కోల్‌కతావాళ్లకు తెలుగు రాకపోయినా, విషయం అర్థమైనట్టు అటు తిరిగి నిలబడ్డారు. అమ్ములు ఎవరివైపూ చూడలేదు. టోపీ సరిచేసుకుని, "నెక్స్ట్, బట్లర్ బే. వేడివేడి భోజనం," అంది. గొంతు మాత్రం తగ్గలేదు.

బీచ్‌లో వాన వెలిసింది. కొబ్బరాకుల పాకలో సుర్మయి చేప పులుసు వడ్డించారు. ఎవరి ఆకులో వాళ్లు చూసుకుంటూ తిన్నారు. భోజనమయ్యాక రాఘవయ్యగారు ఇసుకమీద ఒంటరిగా నడుచుకుంటూ వాగు సముద్రంలో కలిసే చోటుకు బయల్దేరారు. అక్కడ మొసళ్లున్నాయని బోర్డు ఉంది. అమ్ములు విజిల్ పెదాలదాకా తెచ్చింది.

ఆయన బోర్డు ముందు ఆగారు. చదివారు. వెనక్కి తిరిగి, దూరాన నారింజరంగు టోపీని ఒకసారి చూశారు. బుద్ధిగా ఇటు నడిచి వచ్చేశారు.

నాలుగింటికి జెట్టీకి చేరారు. బండి దిగే ముందు అందరూ రిజిస్టర్‌లో నాలుగు ముక్కలు రాయాలన్నది అమ్ములు రూలు. "బాగుందని రాయక్కర్లేదు. ఏ భాషైనా పర్లేదు. నిజం రాయండి చాలు," అని ఎప్పుడూ చెప్పే మాటే ఇవాళా చెప్పింది. చెప్పేటప్పుడు టీచర్‌గారివైపు చూడలేదు.

సత్యవాణి చేతిసంచిలోంచి పెన్ను తీసింది. ఎర్రసిరా పెన్ను. ఆవిడ రాసింది, రాసింది, పేజీ తిప్పి ఇంకా రాసింది. మూసి చేతికిచ్చింది.

తెలుగు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

"ఇలా ఇవ్వు, నేను చదివి పెడతా," అన్నాడు ఫణి.

"వొద్దు. నా మార్కులు నేనే చూసుకుంటా."

జెట్టీ మీద నిలబడి, అక్షరాల కింద వేలు పెట్టుకుని, అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టింది. కూడబలుక్కుంటూ, ఒత్తుల దగ్గర తడబడుతూ, ఆగుతూ. ఎవరూ అందివ్వలేదు. సత్యవాణి పెదాలు మాత్రం ఆ మాటలతోపాటు కదులుతున్నాయి.

"'ముప్పై ఏళ్లు... బడి గోడ ఎక్కొద్దని పిల్లల మీద అరిచాను. ఒక్కరూ పడలేదు. పడలేదు కాబట్టి ఒక్కరూ... మెచ్చుకోలేదు. ఇవాళ షెడ్డు కింద నిన్ను అందరూ అలాగే చూశారు. నా మాటకు... నీ అడుగు ఆగింది గానీ, రాళ్లమీద నా చెయ్యి వదల్లేదు.'"

అమ్ములు పేజీ తిప్పింది.

"'గొంతు ఎక్కువ. తగ్గించుకోవద్దు. శ్ర... శ్రద్ధ తక్కువని రాసింది నా తప్పు. నీకు ట్రిప్పు లేని రోజు చూసుకుని, మీ అమ్మానాన్నలతో డెలానీపూర్‌లో మా ఇంటికి రా. మా అబ్బాయిని చూపిస్తాం. కాఫీ ట్రే వాడే పట్టుకొస్తాడు. ఓడ టికెట్లు మాత్రం... మీరే కొనుక్కోవాలి.'"

గణపతి హారన్ కొట్టాడు. ఎందుకు కొట్టాడో అతనికే తెలియాలి. బెంగళూరు కుర్రాళ్లు అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు.

అమ్ములు రిజిస్టర్‌ని గుండెకు అదుముకుంది. కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "చీర కట్టుకుని రాను టీచర్‌గారూ."

"నేనడిగానా?" అంది సత్యవాణి.

"ఒరేయ్ ఫణీ," అన్నారు రాఘవయ్య, ఓడవైపు భయంభయంగా చూస్తూ. "కాఫీ పెట్టడం నేర్చుకో. ఈ పిల్లకు తేడా వస్తే విజిలేస్తుంది."

తల్లిదండ్రులను ఓడెక్కించి వచ్చి, ఫణి ఆమె పక్కన నిలబడ్డాడు. ఓడ జెట్టీని వదిలి మెల్లగా కదిలింది.

"నా మీద కోపం పోయిందా?"

"సగం. మిగిలిన సగం నీ చేత ట్రే పట్టించాక."

"తలొంచుకుని రావాలా?"

"మరి? కప్పులు ఒలక్కూడదు."

"ఒకవేళ కాఫీ బాగోలేదనుకో?"

అమ్ములు టోపీ తీసి అతని నెత్తిన పెట్టింది.

"రిజిస్టర్ తెస్తాను. నిజమే రాస్తాను."