చేతులు ఎత్తకండి

మొదటి మనిషి రెండు చేతులూ పైకెత్తి చనిపోయాడు. ఎదురుగా తుపాకీ లేదు, శత్రువు లేడు. ఫిజియోథెరపీ క్లినిక్‌లో భుజం నొప్పికి కసరత్తు చేస్తున్నాడు, అంతే.

“గుండెపోటనుకున్నాం,” అన్నాడు చీఫ్. “ఛాతీలో వెంట్రుకంత సూది దొరికింది. విషం.”

బల్ల మీద ఓ నల్లటి కెమెరా పెట్టాడు. ఏజెంట్ పిచ్చుక వెంటనే గుర్తుపట్టాడు.

“వీడియో గేమ్‌ది కదా సార్? మనం గెంతితే తెర మీద బొమ్మ గెంతుతుంది.”

“ఆ కన్సోల్ తయారీ ఎప్పుడో ఆపేశారు. గోడౌన్లలో మూలుగుతున్న కెమెరాలకి కొత్త ఉద్యోగాలొచ్చాయి. బట్టల షాపులో కొలతలు తీస్తాయి. డెయిరీలో ఏ ఆవు కుంటుతోందో చూస్తాయి. క్లినిక్‌లో పేషెంటు చెయ్యి ఎంత లేచిందో చెబుతాయి. ఓ విదేశీ ముఠా ఇంకో పని నేర్పింది. రెండు చేతులూ తల దాటగానే ఛాతీ ఎక్కడుందో కొలిచి, కింది పెట్టెలోంచి సూది వదులుతుంది.”

పిచ్చుక కెమెరాని దూరంగా జరిపాడు. “ఇప్పుడెవరి వంతు?”

“వాళ్ల రహస్య సందేశాలు విప్పిన ప్రొఫెసరమ్మది. ఎడమ భుజం బిగుసుకుపోయింది. పదకొండింటికి అపాయింట్‌మెంట్. ఫోన్ ఇంట్లో మర్చిపోయి వెళ్లింది. రిసెప్షన్‌లో ఉన్నది మన మనిషే, ఎందుకో ఫోన్ ఎత్తట్లేదు. ఆమెతో కలపాల్సిన కోడ్ మాట తెలుసుగా? పరిగెత్తు!”

పదకొండుకి రెండు నిమిషాలుండగా ఏసీ మెకానిక్ వేషంలో పిచ్చుక క్లినిక్ మెట్లెక్కాడు. టూల్‌బ్యాగు భుజాన వేలాడుతోంది. రిసెప్షనిస్టు సినిమా పోస్టర్లోంచి దిగివచ్చినట్టుంది.

“ఏసీ కారుతోందటగా?”

“కారడం కాదు, వర్షమే!”

కోడ్ కలిసింది. “మూడో గది,” అని గుసగుసగా చెప్పి ఆమె కూడా వెంట వచ్చింది.

గదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి. తెర మీద ఆకుపచ్చ ఎముకల బొమ్మ. దాని ఎదురుగా ప్రొఫెసరమ్మ.

“అమ్మా, చేతులు...”

వెనక గొళ్లెం పడిన చప్పుడు. తిరిగి చూస్తే రిసెప్షనిస్టు చేతిలో పిస్టల్. మన మనిషే, ముఠాకి అమ్ముడుపోయింది.

“కాలిస్తే హాలంతా వింటుంది. గుండెపోటయితే ఎవరూ ఏమీ అడగరు,” అందామె తియ్యగా. “ఇద్దరూ చేతులు పైకెత్తండి.”

తెర మీద ఇప్పుడు రెండు బొమ్మలు. పిచ్చుక చేతులు వాటంతటవే లేవబోయాయి. భయపడ్డ ఒళ్లు మనసు మాట వింటుందా? పళ్ల బిగువున ప్యాంటు కుట్లు పట్టుకున్నాడు.

“ఎత్తకండమ్మా! ఎత్తితే చస్తారు!”

“ఎత్తకపోతే కాల్చేలా ఉందిగా నాయనా!”

ఆమె కుడి చెయ్యి అప్పటికే నిటారుగా లేచింది. ఎడమది భుజం దగ్గర ఆగింది. ఆగి, గజగజ వణుకుతూ మెల్లగా పైకి పాకసాగింది. చెవి దాకా వచ్చింది.

పిచ్చుకకి పెళ్లయి పదకొండు రోజులు. నిన్న మధ్యాహ్నం ఇలాంటి పాత కన్సోల్ మీదే ఇద్దరూ టెన్నిస్ ఆడారు. ఓడిపోతున్న కొత్త పెళ్లికూతురు చటుక్కున కర్టెన్ లాగేసింది. ఎండ పడగానే కెమెరాకి కళ్లు కనిపించక ఆట ఆగిపోయింది. “మ్యాచ్ డ్రా!” అని పకపకా నవ్వింది.

పిచ్చుక కిటికీ మీదకి దూకాడు.

సర్రున కర్టెన్ ఊడివచ్చింది. గది నిండా ఎండ. తెర మీద బొమ్మలు మాయం. కళ్లు బైర్లు కమ్మిన రిసెప్షనిస్టు మీదకి టూల్‌బ్యాగు విసిరాడు. పిస్టల్ మంచం కిందకి జారిపోయింది. ఊడిన కర్టెన్‌తోనే ఆమెను చుట్టేసి, కెమెరా ప్లగ్గు పీకేసి, నేల మీద చతికిలబడ్డాడు.

ప్రొఫెసరమ్మ మాత్రం రెండు చేతులూ ఆకాశానికెత్తి అలాగే నిలబడి ఉంది.

“ఇక దించొచ్చమ్మా.”

ఆమె తన ఎడమచేతిని కింది నుంచి పైదాకా తేరిపార చూసుకుంది.

“ఏడు నెలలు రబ్బరు తాళ్లు లాగించారు కదయ్యా! ఆ తుపాకీ ఏదో మొదటిరోజే చూపించొచ్చుగా!”