ముళ్ళనత్త మూడో పోరు

"రెండు పోర్లూ ఓడిపోనాది. మూడోదీ పోతే తుడిచేత్తారు," అంది పక్క బల్ల నుంచి ఎర్రయ్యమ్మ. "నీ సేతిలో పడ్డదేదీ బతకట్లేదు పైడిరాజన్నా! ఏటి సేత్తన్నావు వాటిని?"

పైడిరాజు నవ్వబోయాడు, కుదరలేదు. అతని కుడి అరచెయ్యి తూకపు పలకకి అతుక్కుని ఉంది. ఎదురుగా గాజు బరిలో గుప్పెడంత ముళ్ళనత్త, గుల్లలోకి ముడుచుకుని వణుకుతోంది.

కోట్లమంది ఆడే పోరాటపు ఆటలోకి ఏ జంతువు వెళ్ళాలో, ఏది పనికిరాదని తుడుపుకి పోవాలో తేల్చే శాల అది. కొత్త జంతువేదైనా శాలలో ఉండే రాతిపీతతో మూడుసార్లు కలబడాలి. పోరు సాగినంతసేపూ తూకందారు చెయ్యి పలక మీదే ఉండాలి. తీర్పు ఎవరిదో పలకకి అదే గుర్తు. చెయ్యి తీసినవాడు లెక్కలోంచి పోతాడు.

పోవడమంటే ఏమిటో కిందటి వారమే చూశారు. సింహాద్రి అనే తూకందారు పై శ్రేణిలో పెట్టిన డేగ అసలు పోటీలో మొదటి దెబ్బకే కూలింది. మర్నాడు శాల తలుపు అతని చేతిని గుర్తుపట్టలేదు. సాయంత్రానికి రేషను కొట్టు తలుపూ, ఆసుపత్రి తలుపూ, చివరికి సొంతింటి తలుపూ. మూడు రోజులు కనబడ్డ తలుపుకల్లా చెయ్యి ఆనిస్తూ తిరిగాడు. తర్వాత కనబడలేదు. ఆ శిక్ష వేసిన పై అంతస్తువాళ్ళు ఏనాడూ బరి ముందు కూర్చున్న పాపాన పోలేదు.

ఆ రోజు నుంచీ పైడిరాజుకి ముద్ద దిగడం లేదు. అతని చేతిలో వరసగా పదకొండు జంతువులు ఓడాయి.

"మూడో పోరు," అంది కొలతమ్మ. పలక గొంతుకి శాలలో వాళ్ళు పెట్టుకున్న పేరది.

రాతిపీత కదిలింది. పైడిరాజు గుండె దడదడలాడింది. నత్త వణికింది. అతను ఊపిరి బిగబట్టాడు. నత్త వణుకు తగ్గింది. వదిలాడు, మళ్ళీ మొదలైంది.

అప్పుడు తట్టింది. ఈ భయం దానిది కాదు. పలకలోంచి తనదే దిగుతోంది.

"ఎర్రయ్యమ్మా, ఈ వారం నీకెన్ని గెలిచాయి?"

"ఎక్కిరించాను గానీ, నాకూ ఒక్కటీ లేదన్నా. ఎవులికి గెలిచాయి గనక?"

పీత డెక్క ఎత్తింది. పైడిరాజు మణికట్టు పైకి లేవడం ఎర్రయ్యమ్మ చూసింది.

"వొద్దన్నా! ఇంటికెలాగెల్తావు?"

చెమటకి అతుక్కున్న అరచెయ్యి తడి చప్పుడు చేస్తూ ఊడివచ్చింది.

నత్త వణుకు ఆగింది. కొమ్ములు బయటపెట్టి చూసింది. డెక్క దిగేలోపే పీత పొట్ట కిందికి జారి, ముళ్ళన్నీ ఒక్కసారిగా విప్పింది. పీత వెల్లకిలా పడింది.

"చెయ్యి లేదు," అంది కొలతమ్మ. "తీర్పు ఎవరిది?"

"దానిదే," అన్నాడు పైడిరాజు, నత్తని చూపిస్తూ.

"తీర్పు ఎవరిది?" కొలతమ్మ మళ్ళీ అడిగింది. మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న.

అతను లేచి, తలుపు దాకా నడిచి చెయ్యి ఆనించాడు. తెరుచుకోలేదు. చెయ్యి తీయడానికి ధైర్యం చాలక అలాగే నిలబడ్డాడు.

వెనకాల ఎర్రయ్యమ్మ పలక మీంచి అదే తడి చప్పుడు. కాసేపటికి, ఆ పక్క బల్ల దగ్గర ఇంకొకటి.