రంగు చెదరని దూలం

ఈ కేసులో ఇన్‌స్పెక్టర్ వెంట ఉక్కు స్తంభం చిటారు దాకా పాకిన కానిస్టేబుల్ని నేనొక్కణ్ణే. కాబట్టి అడ్డు రాకుండా వినండి.

కొత్తగా కడుతున్న ఇనుప షెడ్డు కింద ఫోర్‌మన్ శవం మట్టిలో పడి ఉంది. తల మీద స్టీలు దూలం కొస. రెండో కొస ఇంకా పైన స్తంభానికే వేలాడుతోంది.

క్రేన్ ఆపరేటర్ చేతులకు బేడీలు పడ్డాయి. పట్టించింది సొంత బావమరిదే. పైన బోల్టులు బిగించే ఫిట్టర్.

"రెండు బోల్టులు బిగించాను సార్. దూలానికున్న క్రేన్ కొక్కెం విప్పకముందే మా బావ పైకి లాగాడు. బోల్టులు తెగాయి. ఫోర్‌మన్ అంటే ఆయనకు గిట్టదు."

"నీ నోరు పడిపోను! నువ్వు చెయ్యి ఊపితేనే కదరా తాడు వదులు చేశాను!"

"నేనూపలేదు. జైల్లో కూర్చుని నువ్వే ఊపుకో, బావా."

"తెగిన ముక్కలేవి?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"ఎగిరిపోయాయి. వెతుక్కోండి."

"పొద్దున ఫోర్‌మన్ నిన్ను చెంప మీద కొట్టాడట?"

"అందరినీ కొట్టేవాడు. ఇక్కడ ఎవడైనా ఏడుస్తున్నాడేమో చూడండి."

ఎవడూ ఏడవడం లేదు.

ఇన్‌స్పెక్టర్ పైకెక్కాడు. నేనా? మూడో మెట్టు దగ్గర కళ్లు తిరిగి, దిగి, నిచ్చెన పట్టుకున్నాను. ఆ మాటకొస్తే నిచ్చెనే నన్ను పట్టుకుంది.

ఆయన దిగొచ్చి, అందరినీ కిందపడ్డ కొస దగ్గరికి పిలిచాడు.

"పై కొసన బోల్టుల చుట్టూ రంగు గుండ్రంగా లేచిపోయింది. బిగిస్తే బోల్టు కింది వాషర్ బిళ్ల రంగును కొరుకుతుంది. ఇక్కడ రంగు చెక్కుచెదరలేదు. నువ్వు బోల్టులు బిగించింది కలలోనా?"

ఇన్‌స్పెక్టర్ ఒక రంధ్రంలో వేలు పెట్టాడు.

"ఈ ఒక్క రంధ్రం మాత్రం నలిగి మెరుస్తోంది. దూలం రంధ్రాన్నీ స్తంభం రంధ్రాన్నీ ఎదురెదురుగా తేవడానికి మొనదేలిన పిన్ను కొడతారు. బోల్టులు బిగిసేదాకా క్రేన్ బరువు మోయాలి. నువ్వు పిన్నుతో సరిపెట్టి, ఫోర్‌మన్ సరిగ్గా దూలం కిందికి వచ్చాక చెయ్యి ఊపావు. తాడు వదులైంది. పిన్ను జారింది."

"అవును! కొట్టినవాడి నెత్తి మీదే పడేశాను!"

"మరి నన్నెందుకు ఇరికించావురా?"

"రోజూ మా అక్కను కొట్టే చేతులవి. బేడీలు బాగా అమిరాయి."

ఈ అరుపులు మాత్రం నా కల్పన. అక్క సంగతి అక్కడ అందరికీ తెలిసిందే. నిజానికి ఫిట్టర్ నోరు విప్పలేదు. బావ చేతుల నుంచి విప్పిన బేడీలకు తనే చేతులు చాచి, బావ ముఖాన ఉమ్మాడు.